నీళ్లల్ల దూప

మోకాలిబంటి నీళ్లల్ల నిలవడి
దూపకు సస్తున్నది మిరప తోట.
మే నెల ఎండకు వాడినట్టే వాడి
ఆకులన్ని కిందికి ఏలాడేసింది.

ప్రాణహిత ఎదురుతన్నిన రాత్రి పోయి నాలుగు దినాలు.
బక్కుబాయి గట్టు మీదనే కూసున్నది,
ఒడిల మూటగట్టిన రెండు జొన్న రొట్టెలు.
"ఇంత నీళ్లు పెట్టుకొని దీనికేం రోగం బిడ్డా?
తాగరాదా?"

ఉయికే సార్ జీపు బోనెట్ మీద పంచనామా కాయితం పరిచిండు.
మరాఠీ గడులు: అతివృష్టికి ఒకటి, దుష్కాళానికి ఒకటి.
మొక్కను చూసిండు. నీళ్లను చూసిండు.
పెన్ను మూత పండ్లతోని పట్టుకొని నన్ను చూసిండు.
ఆయనకు తెలుగు రాదు, ఆమెకు మరాఠీ రాదు,
సిరొంచ తాలూకల కోత్వాల్‌నంటే
నడుమ నిలవడ్డ సన్నటి దర్వాజను నేను.
ఒక్కొక్క మాటనే దాటిస్త.

అహేరి కాలేజీల మూడేండ్లు బాటనీ చదివిన.
ఇన్నేండ్ల కొలువుల ఒక్కనాడూ అక్కరకు రాలే.
వంగి ఒక మొక్కను పీకిన.
ఏర్లు, నానిన దారాల లెక్క. మురిగిన గుడ్డు వాసన.

ఆ దారంల కణాలు, కణానికి పలుచటి పొర,
పొర నిండ నీటి దర్వాజలు.
ఎంత సన్నమంటే, నీళ్ల అణువులు జోడుగ నడవయి,
ఒకదాని ఎనుక ఒకటే,
రేషన్ దుకాణం ముంగటి లైను తీరు.
కానీ ఈ లైను ఉరుకుతది!
కన్ను మూసి తెరిసేలోపు కోట్లకు కోట్లు దాటుతయి.

పొద్దు పొడువకముందే,
బక్కుబాయి పొయ్యి అంటుపెట్టే యాల్లకే,
ఆ రెక్కలు ఇంకింత బార్ల తెరుసుకుంటయి.
ఎండ ముదిరి భూమి పగిలితే
కొన్ని మూసుకుంటయి.
కొన్నిటినైతే చౌకట్లతో సహా పీకి
లోపటి అర్రల దాసిపెట్టుకుంటది కణం,
బంద్ నాడు చాయ్ హోటలోడు బల్లలన్ని లోపటికేసినట్టు.
గది కరువు సంగతి. మరి వరద?

మట్టి సందులల్ల గాలి ఉంటది.
గోదారి అచ్చి ఆ సందులన్ని కమ్మేసింది.
ఏరుకు ఊపిరాడలే.
ఊపిరాడని కణం కడుపుల పులుపు పుట్టింది,
ఆ పులుపు పోయి గొళ్లేన్ని తాకింది,
ఇగ ఒకటెనుక ఒకటి పడ్డయి తలుపులు.
బయట ఏరు, లోపట ఎడారి.
పైన ఆకుకు ఈ కబురు అందేటాలకు
ఉన్న కాస్త తడి గాలిపాలైంది.

ఇదంత నేను బక్కుబాయికి చెప్పలే.
"దమ్ము ఆడుతలేదవ్వా దానికి. నోరు మూసుకున్నది" అన్న.
ఆమె శానాసేపు ఊకున్నది.
"వరద రాత్రి బడిల ఉంచిన్రు మమ్ముల.
ముంగట పులావ్ పెట్టిన్రు, ఆకలైతాంది,
మెతుకు దిగలే బిడ్డా. గిట్లనే అన్నట్టు."
సార్ నా మొఖం చూసిండు, ఏమంటున్నదని.
ఈ ఒక్క మాట దాటించలేకపోయిన.

అతివృష్టి గడిల టిక్కు పడ్డది.
"నీళ్లు అందక ఎండినయి అని పక్కన రాయున్రి సార్" అన్న.
నవ్విండు. "గడ్‌చిరోలి నుంచి తిప్పి పంపుతరు" అన్నడు.
అయినా చెప్పులిడిసి ప్యాంటు మడిసి
బురదలకు దిగిండు.
ముగ్గురం ఒక్క గడ్డపార మార్చి మార్చి
గట్టు తెంపి కాలువ తీసినం.
నీళ్లు పోయే చప్పుడు చీకటి దాక ఇనబడ్డది.
బక్కుబాయి మూట ఇప్పి
ఒక రొట్టె సగం సగం చేసి మా ఇద్దరికిచ్చింది,
ఇంకోటి చేతులనే పట్టుకొని చూసుకుంట కూసున్నది.

మూడోనాడు పొద్దు పొడువకముందే పోయిన.
గట్టు పక్కన రెండు సాళ్లు తల లేపినయి.
మిగిలినయి లేవలే.
వంగి లేసిన ఆకును ఒకదాన్ని ముట్టుకున్న.
సల్లగున్నది.